యూరప్ దాకా నడిచిన మాటలు: రోమానీ విశేషాలు

జిప్సీ అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది పోలీసుల బండి. లేదంటే ఎన్నికల్లో నాయకుడు నిలబడి దండాలు పెట్టుకుంటూ వెళ్ళే టాపు లేని జీపు. 1985లో మారుతి కంపెనీ ఆ బండికి పెట్టింది ఓ జాతి జనం పేరన్న సంగతి ఎవరికి పడుతుంది? ఆ జనం యూరప్‌లో కోటి మందికి పైనే ఉంటారని అంచనా. వాళ్ళ పూర్వీకులు వెయ్యేళ్ళకు అటూ ఇటూగా మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళు. ఎందుకు వెళ్ళారో, ఏ దారిన వెళ్ళారో వాళ్ళు రాసిపెట్టుకోలేదు. వాళ్ళ గురించి రాసినవాళ్ళేమో రాజులు, పోలీసులు, మఠాధిపతులు. ఆ రాతల్లో సగం అపోహ, సగం శిక్ష. ఇక మిగిలిన గట్టి సాక్షి వాళ్ళు మాట్లాడే భాషే. ఆ సాక్షి చెప్పే సంగతులూ, వాటితోపాటు మరికొన్ని విశేషాలూ ఇవి.

◆ ఈజిప్టు చూడని ఈజిప్టువాళ్ళు

ఇంగ్లీషులో ఈజిప్షియన్ అన్న మాటే అరిగి అరిగి జిప్సీ అయింది. స్పెయిన్‌లో వాళ్ళని హితానో అంటారు, దాని పుట్టుకా అదే. 1427 ఆగస్టులో నూరుమందికి పైగా ఉన్న ఓ గుంపు పారిస్ పొలిమేరకు వచ్చింది. తాము ‘లిటిల్ ఈజిప్ట్’ నుంచి వచ్చిన క్రైస్తవులమనీ, చేసిన పాపానికి ప్రాయశ్చిత్తంగా ఏడేళ్ళు పరుపు మీద పడుకోకుండా దేశాలు తిరగమని పోప్ ఆజ్ఞాపించాడనీ చెప్పుకుంది. ఊరి బయట లా షాపెల్ దగ్గర వాళ్ళకు బస ఇచ్చారు. ఆడవాళ్ళు చెయ్యి చూసి జాతకం చెబుతుంటే పారిస్ జనం ఎగబడ్డారు. బిషప్‌కి కోపం వచ్చింది. చెయ్యి చూసినవాళ్ళతోపాటు చూపించుకున్నవాళ్ళని కూడా వెలివేశాడు.

◆ రోమాకీ రొమేనియాకీ సంబంధం లేదు

రొమేనియా పేరు రోమ్ నగరం నుంచి వచ్చింది. రోమా అన్న జాతి పేరు వేరు. రోమానీ భాషలో రోమ్ అంటే మగవాడు, భర్త. రోమ్నీ అంటే ఆడమనిషి, భార్య. రోమా అనేది బహువచనం. దానికి మన బహువచనం తగిలిస్తే వెంట్రుకలన్న అర్థం వచ్చి కూర్చుంటుంది కాబట్టి తెలుగులో రోమానీలు అనడమే మేలు. అందరూ ఈ పేరుతోనే పిలుచుకోరు. జర్మనీలో సింతీలున్నారు, ఫిన్లాండులో కాలేలున్నారు, ఇంగ్లండులో రోమానిచల్‌లున్నారు. ఫ్రాన్సులో ఉన్నవాళ్ళ పేరు మనూష్. మనిషి అనే దాని అర్థం. జిప్సీ అన్న మాటని చాలామంది తిట్టుగానే వింటారు. ఇంగ్లండులో మాత్రం ఆ పేరు తామే గర్వంగా చెప్పుకునేవాళ్ళూ ఉన్నారు.

◆ డోమ్, లోమ్, రోమ్

మధ్యప్రాచ్యంలో డోమ్, ఆర్మీనియాలో లోమ్, యూరప్‌లో రోమ్. మూడూ సంస్కృతంలో కనిపించే ‘డోంబ’ అన్న మాట దగ్గరికే తీసుకెళతాయని భాషావేత్తల అభిప్రాయం. మొదటి హల్లు మన దేశంలో ‘డ’. ఆర్మీనియాలో అది ‘ల’ అయింది, యూరప్‌లో ‘ర’ అయింది. పదకొండో శతాబ్దంలో మన దేశాన్ని చూసి రాసిన అల్‌బిరూనీ, సమాజంలో అట్టడుగున ఉంచిన వాళ్ళ జాబితాలో డోమ్‌లని చేర్చి, వీణలాంటి వాయిద్యం వాయిస్తూ పాడతారని చెప్పాడు. మన దొమ్మరి అన్న మాటకీ దీనికీ పోలిక చూసినవాళ్ళున్నారు. అయితే పేర్లు కలిసినంత మాత్రాన మనుషులు ఒకటని తేలిపోదు. డోమ్‌ల డోమరీ, రోమ్‌ల రోమానీ కూడా ఒకే రోజు ఒకే గుంపుగా బయల్దేరిన భాషలు కావు.

◆ తల నుంచి చేతిదాకా

రోమానీలో తల ‘షేరో’, మన శిరస్సు. కన్ను ‘యఖ్’, అక్షి. చెవి ‘కన్’, కర్ణం. పన్ను ‘దంద్’, దంతం. నాలుక ‘ఛిబ్’, జిహ్వ. చెయ్యి ‘వస్త్’, హస్తం. ‘నఖ్’ అన్నారని గోరు చూపించకండి, అది ముక్కు. ఒంటి సంగతి అయ్యాక ఇంటి సంగతి చూస్తే ఉప్పు ‘లోన్’, నీళ్ళు ‘పానీ’, నిప్పు ‘యగ్’, చెట్టు ‘రుఖ్’, ఊరు ‘గవ్’, దొంగ ‘చోర్’, ద్రాక్ష ‘ద్రఖ్’, దాహం ‘త్రుష్’. సంస్కృత పదాలు వాడే తెలుగువాడికి నిఘంటువు లేకుండానే సగం పని జరిగిపోతుంది.

◆ ఆరు దాకా మనవే

ఒకటి నుంచి లెక్కపెడితే యెఖ్, దుయ్, త్రిన్, ష్టార్, పంజ్, షోవ్. ఇక్కడిదాకా మన ఇంటి లెక్కే. ఏడుకి వచ్చేసరికి ఎఫ్తా, ఎనిమిది ఒఖ్తో, తొమ్మిది ఎన్యా. ఈ మూడూ గ్రీకువి. మళ్ళీ పది ‘దెష్’, ఇరవై ‘బిష్’, నూరు ‘షెల్’ మన వైపువే. ముప్ఫై ‘త్రియాందా’, నలభై ‘సరాందా’ అంటూ మధ్యలో మళ్ళీ గ్రీకు. గ్రీకు మాట్లాడే నేల మీద వాళ్ళు తరాల తరబడి బతికారనడానికి ఈ అంకెలే రుజువు. దారిన పోతూ నాలుగు రోజులు ఆగినవాళ్ళు ఇంట్లో లెక్కపెట్టే తీరు మార్చుకోరు.

◆ మాటల్లో దాగిన దారి

అదృష్టాన్ని రోమానీలో ‘బఖ్త్’ అంటారు. అది పారశీకం. గుర్రం ‘గ్రస్త్’, పొయ్యి ‘బోవ్’. అవి ఆర్మీనియా నుంచి వచ్చాయి. దారి ‘ద్రోమ్’, పట్నం ‘ఫోరో’. అవి గ్రీకు. దీన్నిబట్టి ఇరాన్, ఆర్మీనియా, బైజాంటియం, బాల్కన్లు అన్న వరస బయటపడింది. అరబ్బీ మాటలు బాగా తక్కువ కాబట్టి అరబ్బు దేశాల్లో ఎక్కువకాలం ఉండలేదని తేలింది. ఈ పద్ధతిలో దారి గీసి చూపినవాడు వియన్నాలో పనిచేసిన ఫ్రాంజ్ మిక్లోషిచ్. 1872 నుంచి భాగాలు భాగాలుగా ఆ పరిశోధన అచ్చయింది. ఇంకో చిన్న సంగతి కూడా ఉంది. మేకు ‘కర్ఫిన్’, గుర్రపు నాడా ‘పెతాలో’, దాగలి ‘అమోని’. కమ్మరంలో వాడే ఈ మాటలన్నీ గ్రీకువే. వాళ్ళ కొలిమి పని ఎక్కడ ముదిరిందో వాటిని బట్టి ఊహించవచ్చు.

◆ నపుంసకలింగం చెప్పిన తేదీ

సంస్కృతంలో మూడు లింగాలు. హిందీలో రెండే. మొదటి సహస్రాబ్ది చివరికొచ్చేసరికి చాలా ఉత్తరాది భాషల్లో నపుంసకలింగం ఊడిపోయి, ఆ మాటలన్నీ అటో ఇటో సర్దుకున్నాయి. రోమానీలోనూ లింగాలు రెండే. మాటల లింగాలు మారిన తీరు కూడా చాలాచోట్ల హిందీలాగే ఉంది. అగ్ని నుంచి పుట్టిన హిందీ ‘ఆగ్’ స్త్రీలింగం, రోమానీ ‘యగ్’ కూడా స్త్రీలింగమే. అంటే ఈ మార్పు జరిగేదాకా వాళ్ళు ఇక్కడే ఉన్నారన్నమాట. రాతకోతలు లేని వలసకి ఇలా వ్యాకరణం తేదీ వేసింది.

◆ ముందు మధ్యదేశం, తర్వాత వాయవ్యం

రోమానీలు పంజాబు నుంచి వెళ్ళారా, రాజస్థాన్ నుంచి వెళ్ళారా అని వాదన చాలాకాలం నడిచింది. 1926లో రాల్ఫ్ టర్నర్ అనే భాషావేత్త ఓ చిక్కు విప్పాడు. ఆ భాషలోని అతి పాత మార్పులు హిందీ మొదలైన మధ్యదేశపు భాషలతో కలుస్తున్నాయి. తర్వాతి లక్షణాలు చూస్తే వాయవ్యపు భాషల పోలికలున్నాయి. కాబట్టి ముందు మధ్యదేశంలో పుట్టి, వాయవ్యానికి జరిగి, కొన్ని తరాలు అక్కడ ఉండి, ఆ తర్వాతే పడమరకు సాగిందని ఆయన తేల్చాడు. అంటే దేశం దాటకముందే వాళ్ళు వలసపోయినవాళ్ళు.

◆ ‘నాకు ఉంది’ అనే భాష

ఇంగ్లీషువాడికి ఇద్దరు తమ్ముళ్ళుంటే వాళ్ళని ‘కలిగి ఉంటాడు’. మనకైతే ‘నాకు ఇద్దరు తమ్ముళ్ళు’. రోమానీ మన దారిలోనే నడుస్తుంది. ‘కలిగి ఉండు’ అన్న క్రియే అందులో లేదు. ‘నాకు’, ‘ఉంది’ అన్న మాటలతోనే ఆస్తులూ చుట్టాలూ చెప్పుకుంటారు. ‘రోమ్‌కి’ అనాలంటే ‘రోమెస్కే’ అంటారు. ఆ ‘కే’ హిందీ ‘కో’కి చుట్టం. మన ‘కి’తో కలవడం కాకతాళీయం, ఎందుకంటే తెలుగు ద్రావిడ భాష. ఇక మన భాషల్లో లేనిది ఒకటి రోమానీలో ఉంది. నామవాచకం ముందు ‘ఒ’ అనో ‘ఇ’ అనో ఓ చిన్న మాట పెడతారు, ఇంగ్లీషులో ‘ది’ పెట్టినట్టు. ఆ అలవాటు గ్రీకు సావాసం వల్ల వచ్చింది.

◆ శిలువ పేరు త్రిశూలం

చర్చి మీద ఉండే శిలువని రోమానీలో ‘త్రుషుల్’ అంటారు. పురోహితుడు ‘రషాయ్’, ఆ మాట ఋషి నుంచి వచ్చింది. దేవుడు ‘దెవెల్’. మతం మారింది. కొందరు కాథలిక్కులు, కొందరు ఆర్థడాక్సులు, బాల్కన్లలో చాలామంది ముస్లింలు అయ్యారు. కొత్త దేవుళ్ళకి పాత పేర్లే పెట్టుకున్నారు.

◆ ఎద్దుల్ని తినేసిన గాయకులు

ఫిరదౌసి 1010 ప్రాంతంలో పూర్తిచేసిన షానామాలో ఓ కథ ఉంది. ఇరాన్‌లో పేదవాళ్ళకి పాటలు వినే భాగ్యం లేదని రాజు బహ్రాం గూర్ బాధపడి, హిందూదేశపు రాజుని అడిగి పదివేలమంది వాద్యకారుల్ని రప్పించుకున్నాడు. ఒక్కొక్కరికీ ఎద్దు, గాడిద, విత్తనానికి గోధుమలు ఇచ్చి, సేద్యం చేసుకుంటూ పేదలకి ఊరికే పాడమన్నాడు. ఏడాది తిరిగేసరికి వాళ్ళు ఎద్దుల్నీ గోధుమల్నీ తినేసి ఆకలితో తిరిగొచ్చారు. రాజు కోపగించి, గాడిదల మీద సామాను వేసుకుని పాడుకుంటూ తిరగండి పొమ్మన్నాడు. వీళ్ళే రోమానీల పూర్వీకులని చాలామంది రాస్తుంటారు. చరిత్రకారులు దీన్ని కథగానే చూస్తారు. బహ్రాం గూర్ అయిదో శతాబ్దపు రాజు, భాష చెప్పే తేదీకి అది కుదరదు.

◆ తెలుగు అచ్చువేసిన ఊళ్ళోనే

బెంజమిన్ షుల్జ్ మద్రాసులో పనిచేసిన జర్మన్ మిషనరీ. తెలుగు నేర్చుకుని వ్యాకరణం రాశాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో ఆయన పూనికతోనే వచ్చాయి. ఆయన హిందుస్తానీకి కూడా ఓ వ్యాకరణం రాశాడు. అదే హాలేలో రూడిగర్ అనే పండితుడు ఒక రోమానీ స్త్రీ చేత కొన్ని వాక్యాలు చెప్పించుకుని, షుల్జ్ పుస్తకంలోని హిందుస్తానీతో పోల్చి చూశాడు. రెండూ చుట్టాలని 1782లో అచ్చువేశాడు. రోమానీ భారతీయ భాషేనని పద్ధతిగా రుజువు చేసిన తొలి రచనల్లో అదొకటి. మన అచ్చు చరిత్రకీ రోమానీల చరిత్రకీ ఇలా ఓ కూడలి ఉంది.

◆ పదమూడు వాక్యాలు

రోమానీ భాష తొలిసారి అచ్చులో కనిపించింది ఇంగ్లండులో. ఆండ్రూ బూర్డ్ అనే వైద్యుడు 1547లో వేసిన పుస్తకంలో ‘ఈజిప్టు భాష’ అని పేరుపెట్టి పదమూడు వాక్యాలు రాశాడు. పలకరింపులు, దారి అడగడం, తాగడానికి పిలవడం లాంటివి అందులో ఉన్నాయి. తాను రాసింది ఏ దేశపు భాషో ఆయనకి తెలియదు. తెలియడానికి ఇంకా రెండు వందల ఏళ్ళకు పైగా పట్టింది.

◆ హైదరాబాద్ ప్రయోగశాలలో

తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చేది వై క్రోమోజోమ్. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇతర దేశాల వాళ్ళతో కలిసి యూరప్ రోమానీ మగవాళ్ళ వై క్రోమోజోమ్‌ని మన దేశంలోని ఎన్నో కులాలు, తెగల వాళ్ళతో పోల్చి 2012లో ప్రకటించారు. దగ్గరి పోలికలు వాయవ్య భారతంలోని షెడ్యూల్డు కులాలు, తెగల్లో కనిపించాయి. అదే ఏడాది యూరప్ శాస్త్రవేత్తల బృందం పదమూడు రోమానీ సమూహాల జన్యువులు చూసి, వాయవ్య భారతం నుంచి దాదాపు 1,500 ఏళ్ళ కిందట ఓ చిన్న జనాభా విడిపోయిందని అంచనా కట్టింది. తేదీల దగ్గర భాషకీ రక్తానికీ కొంచెం పేచీ ఉన్నా, దిక్కు విషయంలో రెండిటిదీ ఒకే మాట.

◆ మరి లంబాడీలో?

రోమానీలూ మన లంబాడీలూ ఒకటేనని తరచూ వింటాం. తండాల్లో మాట్లాడే గోర్ బోలీ కూడా ఇండో ఆర్యన్ భాషే కాబట్టి రెండిటిలోనూ కలిసే మాటలు దొరుకుతాయి. అద్దాల రవికెలు, బళ్ళ ప్రయాణాలు చూసినవాళ్ళకి పోలిక ఇంకా బలంగా తోస్తుంది. అయితే రోమానీ గోర్ బోలీ నుంచి పుట్టిందని భాషావేత్తలు చెప్పరు. రెండూ దాయాదులే గానీ తల్లీబిడ్డలు కావు. అసలు ఈ చుట్టరికం ప్రచారంలోకి రావడానికి ఇంగ్లీషువాళ్ళూ ఓ కారణం. ఊరూరా తిరిగే వాళ్ళు ఎవరు కనబడినా జిప్సీలని రాసుకోవడం వాళ్ళ అలవాటు.

◆ తిరగడమే నేరం

ఇంగ్లీషువాళ్ళ ఆ అలవాటు వెనక వాళ్ళ దేశపు చట్టాలున్నాయి. ఇంగ్లండులో 1530లో ‘ఈజిప్షియన్లు’ దేశం వదిలిపోవాలని చట్టం చేశారు. 1554లో దాన్ని మరణశిక్ష దాకా పెంచారు. ఆ చట్టాల రద్దు మొదలైంది 1783లో. ఆ తర్వాతి శతాబ్దంలో అదే పాలకులు మన దేశంలో 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. మద్రాసు రాష్ట్రానికి కూడా అది వ్యాపించి, మన స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు వెలిశాయి. పుట్టిన కులాన్ని బట్టి మనిషిని దొంగగా రాసిపెట్టిన ఆ చట్టం స్వతంత్రం వచ్చాక 1952లో గానీ పోలేదు.

◆ అయిదు వందల ఏళ్ళ బానిసత్వం

ఈనాటి రొమేనియా ఉన్న నేల మీద ఒకప్పుడు రోమానీలు బానిసలు. 1385 నాటి దస్తావేజు ఒకటి నలభై రోమానీ కుటుంబాలు తిస్మానా మఠానికి చెందుతాయని ఖరారు చేసింది. కొందరు రాజుగారి బానిసలు, కొందరు జమీందార్లకి, కొందరు మఠాలకి. అమ్మేవారు, కొనేవారు, కట్నంగా ఇచ్చేవారు. మొల్దావియాలో 1855లో, వలాకియాలో 1856లో పూర్తి విడుదల వచ్చింది. అమెరికాలో బానిసత్వం రద్దవడానికి దాదాపు పదేళ్ళ ముందు సంగతి ఇది. అయినా ప్రపంచానికి అమెరికా కథ తెలిసినంతగా ఈ కథ తెలియదు.

◆ ఒక్క రాత్రి దాడి

1749 జూలై 30న స్పెయిన్ రాజు ఆరో ఫెర్డినాండ్ ప్రభుత్వం దేశంలోని హితానోలందర్నీ ఒక్కసారిగా పట్టుకోమని సైన్యాన్ని పంపింది. తొమ్మిది వేలమందికి పైగా పట్టుబడ్డారు. మగవాళ్ళని నౌకాదళపు కర్మాగారాల్లో వెట్టికి పెట్టి, ఆడవాళ్ళనీ చిన్నపిల్లల్నీ వేరే బందీగృహాల్లో ఉంచారు. కొందరు బయటపడేసరికి పదహారేళ్ళు గడిచాయి. ఆ హితానోలు పెంచిన ఫ్లమెంకో పాటనీ ఆటనీ 2010లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఇప్పుడది స్పెయిన్ పర్యాటక శాఖ పోస్టర్ల మీద ఉంటుంది.

◆ పిండి పూసుకున్న ఛాంపియన్

యోహాన్ ట్రోల్‌మన్ జర్మనీలో సింతీ బాక్సర్. కాళ్ళు నిలకడగా ఉంచకుండా తిరుగుతూ కొట్టేవాడు. 1933 జూన్ 9న లైట్ హెవీవెయిట్ టైటిల్ పోటీలో స్పష్టంగా గెలిచినా, నాజీ అధికారులు ఫలితం లేదన్నారు. జనం గోల చేస్తే బెల్టు ఇచ్చారు. వారం తిరక్కుండా లాగేసుకున్నారు. తర్వాతి పోటీలో తిరుగుతూ కొట్టకూడదని షరతు పెట్టారు. అతను జుట్టుకి బంగారు రంగు వేసుకుని, ఒంటినిండా తెల్లటి పిండి పూసుకుని, ‘మీరు కోరిన ఆర్యుణ్ణి నేనే’ అన్నట్టు బరిలో కదలకుండా నిలబడి దెబ్బలు తిన్నాడు. 1944లో నిర్బంధ శిబిరంలో చంపేశారు. 2003లో జర్మన్ బాక్సింగ్ సంఘం టైటిల్ తిరిగి ఇచ్చింది.

◆ తలుపు సందులో పాప

యూదుల్ని మృత్యుశిబిరాలకు తరలించిన రైళ్ళ గురించి సినిమా తీసినవాళ్ళు చాలామంది వాడుకున్న ఓ దృశ్యం ఉంది. 1944 మే 19న నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్‌లో తీసింది. గూడ్సు పెట్టె తలుపు మూసేముందు తలకి గుడ్డ కట్టుకున్న పాప బయటికి చూస్తుంది. యాభై ఏళ్ళు ఆ పాపని యూదు బాలికనే అనుకున్నారు. 1994లో ఓ డచ్చి జర్నలిస్టు వెతికి పట్టుకున్నాడు. ఆమె తొమ్మిదేళ్ళ సెత్తెలా స్టైన్‌బాఖ్, సింతీ పిల్ల. ఆమె వెళ్ళిన చోటు ఆష్‌విట్జ్. అక్కడికి చేరిన దాదాపు 23,000 మంది రోమానీ, సింతీల్లో 21,000 మంది వరకూ చనిపోయారు. 1944 ఆగస్టు 2 రాత్రి మిగిలిన నాలుగు వేలమందికి పైగా జనాన్ని గ్యాస్ గదులకు పంపి శిబిరం ఖాళీ చేశారు. మొత్తం యూరప్‌లో ఇలా చనిపోయిన రోమానీలు రెండున్నర లక్షల నుంచి అయిదు లక్షల దాకా ఉంటారని అంచనా. పశ్చిమ జర్మనీ దీన్ని జాతి నిర్మూలనగా ఒప్పుకున్నది 1982లో.

◆ భాషకి తాళం

సింతీల్లో చాలామంది బయటివాళ్ళకి తమ భాష నేర్పరు. కారణం అడిగితే ఎవా యుస్టిన్ పేరు వినబడుతుంది. ఆమె నాజీల జాతి పరిశోధనా సంస్థలో పనిచేసింది. రోమానీ మాట్లాడటం నేర్చుకుని, నమ్మకం సంపాదించి, వంశవృక్షాలు రాసుకుంది. ఆ కాగితాలే జనాన్ని శిబిరాలకు పంపడానికి పనికొచ్చాయి. చనువుగా పలకరించిన పరాయిమనిషి ఏం చేయగలదో చూసినవాళ్ళు తలుపు వేసుకోవడంలో వింత లేదు.

◆ రెండు వేళ్ళు చాలు

జాజ్ గిటార్‌కి కొత్త దారి వేసిన జాంగో రైన్‌హార్ట్ 1910లో బెల్జియంలో మనూష్ కుటుంబంలో పుట్టాడు. 1928లో వాళ్ళ బండికి నిప్పంటుకుని ఎడమచేతి రెండు వేళ్ళు వంకరపోయాయి. మిగిలిన వేళ్ళతో కొత్త పద్ధతి కనిపెట్టి, 1934లో వయొలినిస్టు స్టెఫాన్ గ్రాపెల్లీతో కలిసి పారిస్‌లో తన బృందం మొదలుపెట్టాడు. చాలా ఏళ్ళ తర్వాత బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీలో వేలికొసలు తెగిన టోనీ అయోమీ అనే కుర్రాడికి ఫోర్‌మన్ జాంగో రికార్డు వినిపించాడు. ఆ కుర్రాడే బ్లాక్ సబ్బాత్ బృందపు గిటారిస్టు అయ్యాడు. హెవీ మెటల్ మోతకి వెనక ఓ మనూష్ చెయ్యి ఉందన్నమాట.

◆ చాప్లిన్ అమ్మమ్మ వైపు

తమ కుటుంబంలో రోమానీ రక్తం ఉందని చార్లీ చాప్లిన్ 1964లో వచ్చిన ఆత్మకథలో రాసుకున్నాడు. తన అమ్మమ్మ సగం జిప్సీ అని, ఆ సంగతి ఇంట్లో గుట్టుగా ఉంచేవారని చెప్పాడు.

◆ పేపాల్‌లో అన్న

ఇంగ్లీషులో స్నేహితుణ్ణి ‘పాల్’ అంటారు. పెన్‌పాల్ అని కలం స్నేహాలు చేసిన తరానికి బాగా తెలుసు. ఆ మాట పదిహేడో శతాబ్దంలో రోమానీ నుంచి ఇంగ్లీషులోకి చేరింది. రోమానీలో సోదరుడు ‘ఫ్రల్’, సంస్కృతంలో భ్రాత. అమెరికాలో ఎవరైనా పేపాల్‌లో డబ్బు పంపినప్పుడల్లా ఆ భ్రాత కూడా కొంచెం ప్రయాణం చేస్తున్నాడు.

◆ మన కలగలుపుకి తలకిందులు

మనం తెలుగు వ్యాకరణం ఉంచుకుని ఇంగ్లీషు మాటలు దూర్చుతాం: ‘బస్సు మిస్సయ్యాను’. ఇంగ్లండు రోమానిచల్‌లు ఇందుకు ఎదురు. వ్యాకరణం మొత్తం ఇంగ్లీషు, మాటలు మాత్రం రోమానీ. స్పెయిన్‌లో కాలో అనే పలుకుబడీ ఇంతే, స్పానిష్ చట్రంలో రోమానీ మాటలు. భాష పోగొట్టుకున్నాక కూడా నాలుగైదు వందల మాటలు దాచుకుని, పక్కవాడికి తెలియకుండా మాట్లాడుకోవడానికి వాడుకున్నారు.

◆ మడి, మైల, పంచాయతీ

తూర్పు యూరప్ నుంచి వచ్చిన చాలా రోమానీ శాఖల్లో ‘మరిమే’ అనే నియమం ఉంది. నడుముకి పైభాగం శుద్ధం, కిందిభాగం మైల. అందుకే పై బట్టలూ కింది బట్టలూ ఒకే తొట్టిలో ఉతకరు. చేతులు కడిగే చోట గిన్నెలు కడగరు. ఒళ్ళంతా నాక్కుంటుంది కాబట్టి పిల్లి మైల, గుర్రం శుద్ధం. మడి కట్టుకున్న నాయనమ్మలని చూసి పెరిగినవాళ్ళకి ఇదంతా వివరించి చెప్పాల్సిన పనిలేదు. తగాదాలు తీర్చడానికి ‘క్రిస్’ అనే పెద్దమనుషుల సభ ఉంటుంది. అది వేసే పెద్ద శిక్ష మరిమేగా ప్రకటించడం, అంటే వెలి.

◆ పనిని బట్టి పేరు

రాగి కళాయిలు చేసేవాళ్ళు కల్దెరాష్, గుర్రాలు అమ్మేవాళ్ళు లోవారి, ఎలుగుబంట్లని ఆడించేవాళ్ళు ఉర్సారి, పెళ్ళిళ్ళలో వాయించేవాళ్ళు లౌతారి. ఈ పేర్లు రొమేనియన్, హంగేరియన్ భాషల మాటల మీద కట్టినవి. పని మాత్రం తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. ఇక బొమ్మల్లో కనిపించే రంగురంగుల ఇల్లుబండి, ‘వార్దో’, అంత పాతదేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది. అంతకుముందు గుడారాలే. ఇవాళ యూరప్ రోమానీల్లో అత్యధికులు తరాలుగా ఇళ్ళలోనే స్థిరపడ్డవాళ్ళు.

◆ సముద్రానికి నల్లని అమ్మవారు

ఫ్రాన్సు దక్షిణ తీరంలో సెంత్ మరీ అనే ఊళ్ళో ఏటా మే 24న పెద్ద యాత్ర. చర్చి కింది గదిలో ఉండే నల్లని సారా విగ్రహానికి చీరల్లాంటి అంగీలు ఒకదానిమీద ఒకటి తొడిగి, భుజాల మీద మోసుకుంటూ, గుర్రపు రౌతులు ముందు నడవగా సముద్రంలోకి దిగుతారు. రోమానీలు ఆమెని సారా కాలీ అంటారు. కాలీ అంటే నల్లనిది. చర్చి ఆమెని అధికారికంగా పునీతురాలిగా ప్రకటించలేదు. వచ్చేవాళ్ళు ఆ ప్రకటన కోసం ఆగలేదు. దుర్గా నిమజ్జనంతో పోలిక చెప్పినవాళ్ళు ఎందరో ఉన్నారు. ఈ పోలిక దగ్గర మాత్రం తొందరపడకూడదు, ఎందుకంటే యాత్రలో విగ్రహాన్ని నీళ్ళలో వదలరు, మళ్ళీ చర్చికే తెస్తారు.

◆ జెండా మీద చక్రం

1971 ఏప్రిల్ 8న లండన్ దగ్గర తొలి ప్రపంచ రోమానీ మహాసభ మొదలైంది. పైన నీలం, కింద ఆకుపచ్చ, నడుమ పదహారు ఆకుల ఎర్రని చక్రంతో జెండా ఖాయం చేసుకున్నారు. ఆ చక్రం బండిచక్రం అవునుగానీ, అశోక చక్రాన్ని తలచుకుని పెట్టింది కూడా. జార్కో యోవనోవిచ్ 1949లో కట్టిన ‘గెలెం గెలెం’ జాతీయగీతం అయింది. మన దేశం నుంచి డబ్ల్యూ.ఆర్. రిషి అనే భాషావేత్త ఆ సభకి వెళ్ళాడు. తిరిగొచ్చి 1973లో చండీగఢ్‌లో రోమానీ అధ్యయన సంస్థ పెట్టాడు. రిషి ఇంటిపేరువాడు వెళ్ళి కలిసిన జనం తమ పురోహితుణ్ణి రషాయ్ అనడం భలే కుదిరింది.

◆ పాపూషా తప్పు

బ్రొనిస్వావా వైస్‌ని అందరూ పాపూషా అనేవారు. బొమ్మ అని అర్థం. పోలండు అడవుల్లో బండ్ల మీద తిరిగిన హార్పు వాద్యకారుల పిల్ల. దొంగిలించిన కోడినిచ్చి ఓ దుకాణదారు చేత చదువు చెప్పించుకుంది. ఆమె రోమానీలో కట్టిన కవితల్ని కవి యెర్జీ ఫిత్సోవ్‌స్కీ పోలిష్‌లోకి తెచ్చి అచ్చువేశాడు. అదే కాలంలో ప్రభుత్వం బలవంతంగా బండ్లు ఆపించి ఇళ్ళలో కూర్చోబెట్టసాగింది. మన గుట్టు బయటపెట్టిందని కులపెద్దలు ఆమెని వెలివేశారు. 1987లో పోయేదాకా తన సమాజానికి దూరంగానే బతికింది.

◆ రోమానీ మాట చెల్లే చోట్లు

మాస్కోలో 1931లో పెట్టిన రోమెన్ నాటకశాల ఇప్పటికీ నడుస్తోంది. ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యెలో షూతో ఒరిజారి అనే పురపాలికలో రోమానీలే మెజారిటీ, రోమానీ అక్కడ అధికార భాష. 1963 భూకంపంలో ఇళ్ళు పోయినవాళ్ళతో పెరిగిన పేట అది. స్వీడన్ ఈ భాషని 2000 నుంచి జాతీయ అల్పసంఖ్యాక భాషగా గుర్తిస్తోంది. యూరప్‌లో మాట్లాడేవాళ్ళు 35 లక్షలకు పైనే ఉంటారని భాషావేత్తల అంచనా. అందరికీ ఒకే మాండలికం లేదు, ఒకే లిపీ లేదు. 2024 జూన్‌లో గూగుల్ అనువాద సేవలో రోమానీని చేర్చినప్పుడు, బాల్కన్ల వైపు వినిపించే దక్షిణ వ్లాఖ్ మాండలికానికి దగ్గరగా ఉండే రూపం వచ్చింది.

◆ నాలుగు మాటలు నేర్చుకోండి

పగలు కనబడితే ‘లాచో దివెస్’, మంచి దివసం. కృతజ్ఞత చెప్పడానికి ‘నాయిస్ తుకే’. ఆ ‘తుకే’ అంటే నీకు. సెలవు తీసుకునేవాడు ఉండిపోయేవాడితో ‘అఛ్ దెవ్లెసా’ అంటాడు, దేవుడితో ఉండు అని. ఉండిపోయేవాడు ‘జా దెవ్లెసా’ అని సాగనంపుతాడు, దేవుడితో వెళ్ళు అని. ఇద్దరికీ దేవుడు తోడుంటేనే వీడ్కోలు పూర్తయినట్టు. ఎప్పుడైనా యూరప్ వెళ్ళి, రైల్వేస్టేషన్ ముందు అకార్డియన్ వాయించే రోమానీ పెద్దాయన ఎదురైతే ‘లాచో దివెస్’ అని పలకరించి చూడండి. తిరిగి ఆయన చెప్పే దాంట్లో ఎన్ని మాటలు మీకు అందుతాయో లెక్కపెట్టుకోండి, ఆరు దాకా యెఖ్, దుయ్, త్రిన్ అనుకుంటూ.